జత కలపడం అంటే పక్కన కట్టేయడం కాదు



ఈ వారం మిరప గురించో, ఎరువుల గురించో రాస్తానని చూసేవాళ్లు ఉంటారు. అవి ఎప్పుడూ ఉండేవే, వచ్చే వారం మాట్లాడుకుందాం. ఈ రోజు గినీ పిగ్గుల గురించి రాస్తున్నా. నవ్వుకోండి, పర్లేదు. మా ఊళ్లో అందరూ నవ్వారు. కానీ చివరిదాకా చదవండి. గొర్రెలు, గేదెలు, కోళ్లు ఉన్నవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి ఇందులో ఉంది. నేను రెండుసార్లు దెబ్బతిని నేర్చుకున్న మాట.

ముందు అదేం జంతువో చెప్తా. పేరులో పిగ్గు ఉంది గానీ పందికీ దానికీ సంబంధం లేదు. ఎలుక జాతిది. అరచెయ్యికి కాస్త పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. తోక ఉండదు. ముందు కాళ్లకి 4 వేళ్లు, వెనక కాళ్లకి 3 వేళ్లు. గడ్డి తింటుంది, ఆకులు తింటుంది, మాంసం ముట్టదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా దేశాల్లో వేల ఏళ్ల నుంచి ఇళ్లలో పెంచుతున్నారు. మనం కోళ్లని పెంచినట్టే, కూరకి. మన దేశంలో మాత్రం పట్నం పిల్లలు ముద్దుకి పెంచుకుంటున్నారు.

మా పెద్దమ్మాయి వాళ్లు హైదరాబాదులో ఉండేవాళ్లు. పోయిన మార్చిలో అల్లుడికి పై దేశంలో రెండేళ్ల పని పడింది. అందరూ వెళ్లాలి. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. దాని దగ్గర రెండు గినీ పిగ్గులు ఉన్నాయి, రెండూ ఆడవే. ఒకటి లడ్డు, ఒకటి జున్ను. వాటిని విమానంలో తీసుకుపోయే వీలు లేక మా ఇంటికి తెచ్చారు. వెళ్లే రోజు ఆ పిల్ల నోటు పుస్తకంలో రెండు పేజీలు రాసిచ్చింది. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎప్పుడు నీళ్లు మార్చాలి. చివర్లో "తాతయ్యా, నువ్వు ఎడ్లని పెంచావు కదా, వీటిని కూడా బాగా చూస్తావని నాకు తెలుసు" అని రాసింది.

పక్కింటి బావ వచ్చి బుట్టలోకి తొంగి చూసి, "మేము కల్లంలో పందికొక్కులకి మందు పెట్టి చంపుతుంటే నువ్వు కొత్తిమీర పెట్టి పెంచుతున్నావా" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. రచ్చబండ దగ్గరికి వెళ్తే "మీ పందికొక్కులు బాగున్నాయా" అని అడిగేవాళ్లు.

నేను పట్టించుకోలేదు. పశువుని చూసుకోవడం నాకు కొత్తా అనుకున్నా. ఆ ధీమానే నన్ను దెబ్బ కొట్టింది.

మా పాత గొడ్ల చావిడికి ఇప్పుడు రేకులు వేసి ఉన్నాయి. ఎడ్లు లేవు, ఖాళీగానే ఉంది. అందులో బల్ల మీద బోను పెట్టి, ఫ్యాను పెట్టా. ఏప్రిల్ గడిచింది. మే నెల రెండో వారంలో ఒక రోజు పొద్దున్నే బ్యాంకు పని మీద వినుకొండ వెళ్లా. మా ఇంటావిడ చుట్టాలింటికి పోయింది. పదకొండింటికి కరెంటు పోయింది. పల్నాడు ఎండ మీకు చెప్పనక్కర్లేదు. నేను తిరిగొచ్చేసరికి రెండయింది. చావిడిలో అడుగు పెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఉంది. లడ్డు పక్కకి పడిపోయి ఉంది, నోట్లోంచి చొంగ కారుతోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. జున్ను ఒక మూల నీళ్ల సీసా కింద తడిసిన చోట కూర్చుని ఉంది. లడ్డుని లోపలికి తెచ్చి తడిగుడ్డ కప్పా, చెవులకి, కాళ్లకి నీళ్లు రాశా. గంట తర్వాత నా చేతిలోనే పోయింది.

చల్లటి కొండల మీద పుట్టిన జాతి అది. గాలి వేడి 27, 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుందట. మన దగ్గర 43, 44 ఉంటుంది. మనవరాలు రాసిన రెండో పేజీలో "ఎండ అస్సలు పడదు" అని గీత గీసి మరీ రాసింది. నేను చదివా. చదివి కూడా, గొడ్లు ఉన్న చావిడే కదా అనుకున్నా. ఈ తప్పు కరెంటు వాళ్లది కాదు, ఎండది కాదు, నాది.

ఆ రాత్రి ఫోను చేశా. మా అమ్మాయి "ఇప్పుడే చెప్పొద్దు నాన్నా, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టు, పిల్లకి తెలీదులే" అంది. నాకు మనసొప్పలేదు. పిల్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పా. తాతయ్య రేకుల కింద పెట్టాడమ్మా, ఎండకి చనిపోయింది అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తిడుతుందేమో అనుకున్నా. చివరికి ఒక మాట అడిగింది. "మరి జున్ను ఒక్కతే ఎలా ఉంటుంది తాతయ్యా?"

నేను దానికి అప్పుడు జవాబు చెప్పలేకపోయా. జవాబు మర్నాటి నుంచి కళ్ల ముందే కనపడింది.

జున్నుని పెంకుటింట్లోకి మార్చా. కిటికీకి తడి గోనెపట్టా కట్టా, సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెట్టా. వేడి సమస్య పోయింది. కానీ అది తినడం తగ్గించేసింది. అంతకు ముందు ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు, ఆకులొచ్చాయని "వీక్ వీక్" మని ఇల్లు లేపేది. ఇప్పుడు గరిక పోచ మూతి దగ్గర పెట్టినా వాసన చూసి తల తిప్పుకునేది. వంటింటి కాటా మీద తూచా. 880 గ్రాములు ఉండేది పది రోజుల్లో 760కి వచ్చింది.

మా మండలం పశువుల డాక్టరు గారు కుర్రాడు, ఓపికస్తుడు. చూసి, పట్నంలో ఇలాంటివాటికి వైద్యం చేసే ఫ్రెండుకి ఫోను చేసి కనుక్కున్నాడు. ఆయన చెప్పింది మీకూ చెప్తా. ఈ జంతువు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. ఒక రోజు పూర్తిగా మేత మానేస్తే ప్రాణం మీదకి వస్తుంది. పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఇంకోటి, మనిషిలాగే దీనికి కూడా ఒంట్లో విటమిన్ సి తయారవదు. గేదెకి, గొర్రెకి తయారవుతుంది, దీనికి కాదు. అందుకని జామ ముక్క, కొత్తిమీర, క్యాప్సికం లాంటివి రోజూ కొంచెం పడాలి. ముఖ్యంగా గొర్రెలకీ గేదెలకీ వాడే పెన్సిలిన్ జాతి మందు దీనికి వెయ్యకూడదు, పేగులో ఉండే మంచి క్రిములు చచ్చి జంతువే పోతుంది.

అంతా చెప్పి, "మందుతో పోయే జబ్బు కాదండీ ఇది. ఇవి మందలో బతికే జంతువులు. తోడు కావాలి" అన్నాడు. స్విట్జర్లాండ్ దేశంలో గినీ పిగ్గుని ఒంటరిగా పెంచకూడదని చట్టమే ఉందట. మనకి చట్టం ఎందుకు, మందలోంచి తప్పిపోయిన గొర్రెపిల్ల అరుపు విన్నవాళ్లకి తెలీదా.

మే చివర్లో గుంటూరు వెళ్లా. పెంపుడు జంతువులు అమ్మే ఒక కొట్లో అడిగితే చూపించారు. ఒకే బోనులో పది, పన్నెండు కలిపి ఉన్నాయి. ఆడది కావాలి అన్నా. "ఆడదేనండీ, గ్యారంటీ" అని ఒకటి తీసిచ్చాడు. దాన్ని ఇంటికి తేకుండా నేరుగా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లా. ఆయన తిప్పి చూసి నవ్వాడు. "మగది" అన్నాడు. అదే గనక చూపించకుండా కలిపి ఉంటే ఏమయ్యేదో చెప్తా వినండి. ఇవి 60, 70 రోజులకి ఈనుతాయి. పుట్టిన పిల్లలకి బొచ్చు ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో గడ్డి కొరుకుతాయి. మూడు వారాలకల్లా మగపిల్లల్ని తల్లి దగ్గర్నుంచి కూడా వేరు చెయ్యాలి. ఇంకో సంగతి, వయసు ముదిరాక మొదటిసారి చూలు కడితే కటి ఎముక సాగక తల్లి చనిపోయే ప్రమాదం ఉంది. జున్నుకి రెండేళ్లు, ఒక్కసారీ ఈనలేదు. తోడు కోసం తెచ్చింది దానికి యముడయ్యేది.

మర్నాడు మళ్లీ గుంటూరు. పోను రాను ఒక రోజు కూలి పోయింది. ఈసారి నేనే తిప్పి చూసుకుని ఆడపిల్లని తెచ్చా. లేత గోధుమ రంగు, 420 గ్రాములు. తెల్లవారుజాము బస్సుకి తడిగుడ్డ కప్పిన బుట్టలో తెచ్చా. ఫోటో పంపితే మనవరాలు "బెల్లం" అని పేరు పెట్టింది.

చిన్నదాన్నే ఎందుకు తెచ్చానంటే, ఇంట్లో ఉన్నది వయసులో పెద్దది, మొండిది. రెండు మొండివి ఒక చోట ఇమడవు. ఎడ్ల జత కొన్నవాళ్లకి ఇది కొత్త కాదు. దాపటెద్దు పోతే దాపట నడిచేదాన్నే వెతుకుతాం గానీ, బలంగా ఉంది కదా అని ఎలపటెద్దుని తెస్తామా. ఖాళీ అయిన చోటులో ఇమిడేది కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా.

బెల్లాన్ని తెచ్చిన సాయంత్రమే మా ఇంటావిడ జున్ను బోను తలుపు తీసి కూర్చుంది. "ఇంకెందుకు, వదులు. పాపం అది తిండి మానేసి పడుంది, తోడు వచ్చాక కూడా చూస్తూ కూర్చుంటామా" అంది. నేను వద్దన్నా. మూడు వారాలు కలపకూడదు అన్నా. "ఈలోపు అది చచ్చిపోతే?" అంది. ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. జున్ను మేత మానేసిన మాట నిజం. తోడు కొని తెచ్చి పక్క గదిలో పెట్టిన మాట నిజం. అయినా వద్దన్నా. ఎందుకన్నానో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి పోవాలి.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. మాకు ఒక జత ఎడ్లు ఉండేవి. మా నాన్న పిల్లప్పటి నుంచి సాకిన జత. ఒక వేసవి ఆఖర్లో దాపటెద్దుని గట్టు మీద పాము కరిచింది. తెల్లారేసరికి పోయింది. ఎలపటెద్దు నాలుగు రోజులు గాడిలో మూతి పెట్టలేదు. రాత్రిళ్లు ఖాళీ కట్టుకొయ్య వైపు తిరిగి నిలబడేది. తొలకరి దగ్గరకొచ్చింది. వాన పడితే నాలుగైదు రోజుల్లో విత్తుకోవాలి, మాది మెట్ట. అప్పు తెచ్చి సంతలో దాపట నడిచే ఎద్దుని ఒకదాన్ని కొన్నా. నాన్న "పదిహేను రోజులు చింతచెట్టు కింద విడిగా కట్టరా" అన్నాడు. నేను "వాన ఆగుతుందా నాన్నా పదిహేను రోజులు" అన్నా. ఆ రాత్రే చావిడిలో పాతదాని పక్కన కట్టేశా. ఒకటే గాడి, ఒకటే కుడితి తొట్టి.

ఒంటరిదానికి తోడు దొరికింది, సంతోషిస్తుంది అనుకున్నా. తెల్లవారుజామున చావిడిలో గోల. పాతది కొత్తదాన్ని కొమ్ముతో డొక్కలో పొడిచింది. దాని చోటు అది, దాని జత నిలబడిన చోటు అది. అక్కడికి ముక్కూ మొహం తెలియనిదాన్ని తెచ్చి అర్ధరాత్రి కట్టేస్తే ఊరుకుంటుందా. ఆ దెబ్బ మానుతుందిలే అనుకున్నా. అయిదో రోజు కొత్తది చొంగ కార్చడం మొదలుపెట్టింది. నోట్లో బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు. గాలికుంటు. సంతలోంచే తెచ్చుకుంది. ఇంకో వారానికి పాతదానికీ వచ్చింది, పాడిగేదెకీ వచ్చింది, మా ఎదురింటి వాళ్ల గొడ్లకీ వచ్చింది.

వాన మంచిగా పడింది ఆ ఏడు. ఊరంతా విత్తుతుంటే నేను ఎడ్ల కాళ్లకి మందు రాస్తూ కూర్చున్నా. బాడుగ ఎడ్లు దొరికేసరికి అదను పోయింది. ఎద్దులు చావలేదు గానీ, పాతది మళ్లీ మునుపటిలా లేదు. కాస్త ఎండెక్కితే నాలుక బయటపెట్టి రొప్పేది. గాలికుంటు తగ్గిన కొన్ని గొడ్లకి అలా రొప్పు మిగిలిపోతుంది, చూసినవాళ్లు ఉంటారు మీలో. పదిహేను రోజులు ఆగలేనివాణ్ణి ఏడాది పంట పోగొట్టుకున్నా. ఎదురింటాయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆయనది తప్పని నేను అననూ లేను.

నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అవి కోలుకున్నాక ఆయనే ఆ రెంటినీ కలిపాడు. నేను పక్కనుండి చూశా. ముందు చెరువుగట్టు మీద మేతకి దూరదూరంగా కట్టాడు. అది ఈ ఎద్దుదీ కాదు, ఆ ఎద్దుదీ కాదు. రోజూ కొంచెం దగ్గరికి జరిపాడు. తర్వాత రెంటినీ పట్టుకుని ఊరి బయటి దాకా ఊరికే నడిపించేవాడు. ఆ తర్వాత ఉత్త కాడి, వెనక ఏమీ లేకుండా. ఆ తర్వాత గుంటక. నాగలి అన్నిటికన్నా చివర. చావిడిలో పక్కపక్కన కట్టే రోజు చావిడంతా కడిగించి సున్నం చల్లి, గాడి మేత కూడా మార్చి అప్పుడు కట్టాడు. మూతులు నాక్కున్నాయి అవి. ఆ జత ఏడేళ్లు మా ఇంట్లో పని చేసింది.

ఇదంతా మా ఇంటావిడకి తెలుసు, ఆమె కాపురానికి వచ్చాకే జరిగింది. నేను గుర్తు చేశాక బోను తలుపు వేసింది. "సరే, నీ ఇష్టం. కానీ దీన్ని బతికించే బాధ్యత నీదే" అంది.

అలా బెల్లం వంటింటి అవతల గదిలో, జున్ను ముందు గదిలో. పొద్దున ముందు జున్ను పని చూసుకుని, ఆ తర్వాత బెల్లం దగ్గరికి వెళ్లేవాణ్ణి. అటు వెళ్లొస్తే చేతులు సబ్బుతో కడిగి, పై చొక్కా మార్చి గానీ జున్నుని ముట్టేవాణ్ణి కాదు. గిన్నెలు వేరు, గోనెపట్టాలు వేరు. జున్నుకి దాణా గోలీలు నీళ్లలో నానబెట్టి, సూది తీసేసిన సిరంజితో కొంచెం కొంచెం పెట్టేవాళ్లం. మా ఇంటావిడ ఒళ్లో పెట్టుకుని అరగంట కూర్చునేది. ఆ అన్న మనిషే ఎక్కువ కష్టపడింది. బరువు 750, 755, 760 దగ్గర నిలబడింది. పెరగలేదు గానీ తగ్గలేదు.

తొమ్మిదో రోజు బెల్లం భుజం మీద గోక్కుంటోంది. దగ్గరగా చూస్తే రూపాయి బిళ్లంత మేర బొచ్చు ఊడి, పొట్టు లేచింది. గజ్జి. కొన్నప్పుడు ఏమీ లేదు, పైకి నిగనిగలాడుతూ ఉంది. డాక్టరు గారు మందు వేశారు. గొర్రెలకి వేసే ఐవర్‌మెక్టిన్ జాతి మందే, కానీ మోతాదు చుక్కల్లో. మనం కళ్లతో అంచనా వేసి ఇచ్చే పని కాదు, దయచేసి ఎవరూ సొంతంగా వెయ్యొద్దు. తగ్గి, మళ్లీ చూసి, సరే అనేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది. మొదటి రోజే కలిపి ఉంటే, తిండి లేక నీరసించి ఉన్న జున్నుకి ఆ గజ్జి అంటుకునేది. మా ఇంటావిడ ఆ మచ్చ చూసి ఏమీ అనలేదు. టీ పెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత నాన్న చేసినట్టే చేశా.

మొదట రెండు బోనులూ ఒకే గదిలో, మధ్యలో జానెడు ఎడం ఉంచి పెట్టా. చూసుకోవాలి, వాసన చూసుకోవాలి, కరుచుకోకూడదు. ఒకదాని కింద పరిచిన గుడ్డ తీసి ఇంకోదానికి వేశా, దాని వాసన దీనికి అలవాటు కావడానికి. రెండో రోజు ఒక వింత. జున్ను బోను అంచు దగ్గరికొచ్చి, బెల్లం వైపు తిరిగి కూర్చుని గరిక తింది. ఎవరూ నోటికి పెట్టకుండా, తనంతట తానే. నెల దాటింది అప్పటికి.

అయిదు రోజుల తర్వాత, జూలై మొదటి ఆదివారం. వాన పడి చల్లగా ఉంది. ఇంటి ముందు అరుగు కడిగించా. అక్కడ జున్నూ ఎప్పుడూ తిరగలేదు, బెల్లమూ తిరగలేదు. చుట్టూ అట్టలు నిలబెట్టి కంచె కట్టా. గరిక ఒక్క చోట కాకుండా నాలుగు కుప్పలు వేశా. నీళ్లు రెండు చోట్ల పెట్టా. దాక్కోవడానికి అట్టపెట్టెలు రెండు, ఒక్కోదానికి రెండేసి తలుపులు కోశా. ఒకటే తలుపు ఉంటే లోపల ఇరుక్కున్నది తప్పించుకోలేక కరుస్తుంది. గొర్రెల దొడ్లో మూలకి చిక్కిన పొట్టేలు ఎలా తిరగబడుతుందో అలాగే. పక్కన మందపాటి తువ్వాలు, ఒక చేట పెట్టుకుని కూర్చున్నా. కొట్టుకుంటే చెయ్యి పెట్టకూడదు, వేలు తెగేలా కరుస్తాయి.

రెంటినీ ఒకేసారి వదిలా. మొదట రెండూ గడ్డి దగ్గరికి పోయాయి. రెండు నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత జున్ను తల పైకెత్తి, పిరుదులు ఊపుకుంటూ, "గుర్ర్ర్" మంటూ బెల్లం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది చూసి మా ఇంటావిడ "కోపంగా ఉంది, తీసెయ్" అంది. అది కోపం కాదు, పెద్దరికం. ఈ ఇంట్లో పెద్దది నేను అని చెప్పడం. తరమడం, మీదెక్కడం, వెనక వాసన చూడడం, చిన్నది కీచుమనడం, ఇవన్నీ ఉంటాయి. వాటికి కంగారుపడి విడదీస్తే, మళ్లీ కలిపిన ప్రతిసారీ పంచాయితీ మొదటికి వస్తుంది. పళ్లు టకటకలాడించి, మెడ మీద బొచ్చు లేపి, ఎదురెదురుగా నిలబడితే అప్పుడు జాగ్రత్త. నెత్తురు వచ్చిందంటే ఆ రోజుకి ఆపెయ్యాలి.

అరగంటకి ఆ టకటక వినపడింది. జున్ను ఒక్క దూకు దూకింది. మధ్యలో చేట దించా. చేటకి అటొకటి ఇటొకటి. నా గుండె కూడా టకటకలాడుతోంది. నా చేతిలో ఒకటి పోయింది, ఇప్పుడు రెండోదాన్ని నేనే తెచ్చి దెబ్బలాటలో పెట్టానా అనిపించింది. కొత్తిమీర కట్ట విప్పి ఇటు కొంచెం అటు కొంచెం వేసి, అవి నెమ్మదించాక చేట తీశా. బెల్లం ఈసారి ఎదురు తిరగలేదు. తల దించి, పక్కకి తప్పుకుంది. జున్ను దాని చెవి వాసన చూసింది. తర్వాత దాని మూతి ముందున్న కొత్తిమీర కాడ లాక్కుని తింది. అంతే, తీర్పు అయిపోయింది.

రెండు గంటలకి రెండూ ఒకే కుప్పలో గరిక నములుతున్నాయి. సాయంత్రం దాకా అక్కడే ఉంచా. ఈలోపు పెద్ద బోనుని వెనిగర్ నీళ్లతో కడిగి, లోపల సామాను చోట్లు మార్చి, కొత్త గుడ్డలు పరిచి, అప్పుడు రెంటినీ అందులో వదిలా. జున్నుకి కూడా అది కొత్త ఇల్లులా ఉండాలి. ఆ రాత్రి మంచం పక్కనే వేసుకుని పడుకున్నా. నిద్ర పట్టిందని చెప్పను.

మూడో రోజు బోనులో కొంచెం బొచ్చు రాలి కనపడింది, గాయం లేదు. వారానికి ఒకే పెట్టెలో పడుకుంటున్నాయి. ఆగస్టు ఆఖరికి జున్ను 870కి వచ్చింది. కొట్లో మగవాటితో కలిసి ఉన్నది కదా, బెల్లం చూలుతో ఉందేమోనని భయం ఉండేది. మూడు నెలలు దాటింది, ఏమీ లేదు. ఇప్పుడు పాలకవరు చప్పుడైనా సరే రెండూ కలిసి "వీక్ వీక్". ఫోనులో ఆ అరుపు విని మనవరాలు నవ్వింది. నవ్వి, "లడ్డుని ఎక్కడ పెట్టావు తాతయ్యా" అని అడిగింది. వేపచెట్టు కింద అని చెప్పా. వచ్చినప్పుడు చూపిస్తావా అంది. చూపిస్తా అన్నా. లడ్డు సంగతి అది మర్చిపోలేదు. మర్చిపోవాలని నేనూ అడగలేదు.

సోదరులారా, ఇప్పుడు మన ఊళ్లలో ఎడ్ల జతలు లేవు. మా ఊరు మొత్తానికి రెండు జతలు మిగిలాయి. కానీ సంతలోంచి గొర్రెని తేవడం ఆగలేదు, గేదెని తేవడం ఆగలేదు, నాటుకోళ్లని తెచ్చి గంప కింద కలపడం ఆగలేదు. అందరం ఆ రోజే కలిపేస్తున్నాం. చోటు లేదని, పని ఎక్కువని, ఒక్క రోజులో ఏమవుతుందిలే అని. రెండు మూడు వారాలు విడిగా ఉంచండి. వేరే తొట్టి, వేరే మేత. పాతవాటి పని ముందు, కొత్తదాని పని తర్వాత. గాలికుంటు టీకా వేయించారో లేదో అమ్మినవాణ్ణి అడగండి, చెప్పినా నమ్మకుండా డాక్టరుకి చూపించండి. కలిపే రోజు పాతదాని చోటులోకి కొత్తదాన్ని తొయ్యకండి, రెంటికీ కొత్తదైన చోట కలపండి. మేత నాలుగు చోట్ల వెయ్యండి. కాస్త పోట్లాడుకోనివ్వండి, కానీ దగ్గర ఉండండి.

ఒంటరి జంతువుని చూస్తే మనకి జాలేస్తుంది. ఆ జాలిలోనే తొందర పుడుతుంది. పాతికేళ్ల కిందట నాకు వానకి తొందర, ఈ ఏడు మా ఇంటావిడకి జాలితో తొందర. రెండూ ఒకటే. ఆ మూడు వారాలు ఆగడం చాలా కష్టంగా ఉంటుంది. నాకైతే నాగలి దున్నడం కన్నా కష్టంగా ఉంది.

పక్కింటి బావ మొన్న వచ్చి చాలాసేపు బోను దగ్గర కూర్చున్నాడు. వాళ్ల పొట్టేలు ఒకటి ఈ మధ్యే పోయింది, రెండోది మేత ముట్టడం లేదట. "నువ్వు ఎన్ని రోజులు ఆగావు?" అని అడిగాడు. చెప్పా. ఈసారి పందికొక్కులు అనలేదు.

గట్టు మీద గరిక కొయ్యడానికి వెళ్లాలి. కలుపుమందు కొట్టని గట్టు వెతుక్కుని వెళ్లాల్సి వస్తోంది, దాని గురించి ఇంకోసారి రాస్తా. మీ ఇంట్లో ఇలా జత పోయిన గొడ్డుకి ఇంకోదాన్ని కలిపిన అనుభవం ఉంటే కింద రాయండి. నాన్న పద్ధతి కన్నా మంచి పద్ధతి ఉంటే నేర్చుకుంటా.

ఉంటాను. నమస్తే.